సీతాకోకచిలుకల పద్దు

కంచె వెంట లాంటానా విరగబూసింది. కొన్ని పొదలకు గులాబీ రంగు గుత్తులు, కొన్నిటికి నారింజ రంగువి. సీతాకోకచిలుకలు వస్తున్నాయి, వాలుతున్నాయి, లేచిపోతున్నాయి. ఏ జాతిది ఏ రంగు పువ్వు మీద వాలిందో చూసి పద్దు రాసుకోవాలి. చేయాల్సిన పని అంతే. 1950ల చివర్లో పిఠాపురం కుర్రాడు ఒకాయన కలకత్తాలో చేసిన పరిశోధన ఇది. ఆయన కృష్ణ ద్రోణంరాజు. కొన్ని జాతులు ఒక రంగునే పట్టుకుని తిరుగుతున్నాయని ఆ పద్దులో తేలింది. పుప్పొడిని మోసేది సీతాకోకచిలుకే కాబట్టి గులాబీది గులాబీకే, నారింజది నారింజకే చేరుతూ పోతే, మధ్యలో కొండ గానీ ఏరు గానీ అడ్డం లేకుండానే ఒక జాతి రెండు పాయలుగా చీలిపోవచ్చు. కొత్త జాతులు ఎలా పుడతాయన్న పెద్ద ప్రశ్నకు రోడ్డు పక్క కంప దగ్గర దొరికిన ఆధారం అది. 1960లో ‘నేచర్’ పత్రిక ఆ వ్యాసాన్ని అచ్చువేసింది. దాని మీద ఉన్నది ద్రోణంరాజు పేరు ఒక్కటే.

గురువు పేరు లేదు. గురువు జె.బి.ఎస్. హాల్డేన్ అని తెలిస్తే ఆ లేకపోవడం ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది.

జీవశాస్త్రానికి గణితాన్ని ముడివేసిన తొలితరం వాళ్లలో హాల్డేన్ ఒకరు. సైన్సులో ఆయనకు డిగ్రీ లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం చదివి, ఆ తర్వాత గ్రీకు, లాటిన్, తత్వశాస్త్రాల వైపు వెళ్లారు. 1957లో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పిలిస్తే లండన్ వదిలిపెట్టి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేశారు. తర్వాత భారత పౌరుడయ్యారు. ఇక్కడి కుర్రవాళ్లకు ఖరీదైన యంత్రాలు లేవు. పూలు, చెట్లు, పిట్టలు మాత్రం కావలసినన్ని ఉన్నాయి. ప్రాణికి హాని చేయకుండా చూసి, లెక్కపెట్టి, ఆ లెక్కను గణితంతో నిలదీసే పరిశోధనకు ఇంతకంటే మంచి చోటు లేదని ఆయన నమ్మారు.

గణితం ఇక్కడ చేసే పనేమిటో చెప్పాలంటే ఆయనదే పాత లెక్క ఒకటి చూడాలి. మాంచెస్టర్ ప్రాంతంలో బూడిదరంగు మచ్చల రెక్కపురుగు ఒకటి ఉండేది. 1848లో అందులో నల్లటిది కనిపించింది. ఫ్యాక్టరీల పొగకు చెట్లు నల్లబడ్డ ఆ ప్రాంతంలో 1901 నాటికి దాదాపు అన్నీ నల్లవే. ఈ పురుగుకు ఏడాదికి ఒక తరం. అంటే సుమారు 50 తరాలు. మొదట్లో నూటికి ఒకటికి మించి లేని నల్లవి 50 తరాల్లో నూటికి 99 కావాలంటే, ఒక్కో తరంలో వాటికి ఎంత మేలు జరిగి ఉండాలి? 1924లో హాల్డేన్ సమీకరణం రాసి తేల్చారు: బూడిదరంగువి రెండు పిల్లలను మిగిల్చితే నల్లవి మూడింటిని మిగిల్చాలి. ప్రకృతి వరణం అంత వేగంగా పనిచేయగలదని అప్పట్లో చాలామంది అనుకోలేదు. దాదాపు 30 ఏళ్ల తర్వాత కెటిల్‌వెల్ అనే ఆయన అడవిలో పురుగులకు గుర్తులు పెట్టి, వదిలి, మళ్లీ పట్టి చూస్తే తేడా నిజంగానే అంత పెద్దదిగా కనబడింది. మొదలు తెలుసు, చివర తెలుసు, మధ్య కాలం తెలుసు. కంటికి కనబడని నాలుగోదాన్ని సమీకరణం బయటికి లాగింది.

మళ్లీ లాంటానా దగ్గరకు వద్దాం. గణిత జీవశాస్త్రంలో పరిశోధక విద్యార్థికి గైడు నేర్పే అసలు విద్య నాకు అక్కడే కనిపిస్తుంది. కంచె దగ్గరికి వెళ్లకముందే కాగితం మీద ఒకటి రాసుకోవాలి: సీతాకోకచిలుకకు రంగుతో పనే లేకపోతే ఎన్ని వాలాలి? రెండు రంగుల పువ్వులూ సగం సగం ఉన్నాయనుకుందాం. 100 వాలడాల్లో 50, 50 రావాలి. వచ్చినవి 58, 42 అనుకోండి. కుర్రవాడి గుండె వేగంగా కొట్టుకుంటుంది, రంగు పట్టింపు ఉందని రాసేయాలనిపిస్తుంది. రావాల్సిన లెక్కకూ వచ్చిన లెక్కకూ ఉన్న తేడాను తూచే కై వర్గ పరీక్ష చేస్తే విలువ 2.56. నూటికి ఐదు పొరపాట్లకు ఒప్పుకునే గీత 3.84 దగ్గర ఉంది. కాబట్టి ఇది నాణెం ఎగరేసినా రాగల తేడా. అదే 80, 20 వస్తే విలువ 36. ఇప్పుడు మాట్లాడవచ్చు.

మాట్లాడే ముందు గైడు ఇంకో ప్రశ్న వేస్తాడు. ఆ 100 వాలడాలూ ఎన్ని సీతాకోకచిలుకలవి? ఐదే ఐదు ఒక్కొక్కటి 20 సార్లు వాలితే అది 100 సాక్ష్యాలు కాదు, ఐదుగురు సాక్షులు ఒకే మాటను 20 సార్లు చెప్పడం. రెండు రంగుల పువ్వులూ నిజంగా సగం సగమేనా, ఎవరైనా లెక్కపెట్టారా? గులాబీ రంగు పొదలు ఎండలో, నారింజ రంగువి నీడలో ఉన్నాయా? అలా అయితే సీతాకోకచిలుక ఎంచుకున్నది రంగునా, ఎండనా? ఇలాంటి ప్రశ్నకు జవాబు ఏ పుస్తకంలోనూ ఉండదు. విద్యార్థి మళ్లీ కంచె దగ్గరికి వెళ్లాల్సిందే. పరిశోధనలో గైడు చూపు ఉండాలి, దారి మాత్రం విద్యార్థిదే కావాలి. ఆ రెండూ ఒక్కచోట కలిసేది ఈ రెండో ప్రయాణంలో. జవాబు చెప్పేసిన గైడు ఆ ప్రయాణాన్ని దొంగిలించినట్టే.

హాల్డేన్ చుట్టూ చేరిన మిగతావాళ్ల పనులూ ఈ తీరువే. ఎస్.కె. రాయ్ పారిజాతం పువ్వులకు రేకులు లెక్కపెట్టారు. ఒకే చెట్టు పువ్వుల్లో ఒకదానికి ఐదు ఉంటే ఇంకోదానికి ఏడు ఉంటాయి. తెల్లారేసరికి తమంతట తామే రాలే పువ్వులు, కొమ్మ తుంచాల్సిన పని కూడా లేదు. రెండు చెట్ల సగటు ఒకటే అయినా ఒక చెట్టు నిలకడగా, ఇంకొకటి చెదురుమదురుగా పూస్తుందా అన్నది అక్కడి ప్రశ్న. సగటు చూసి ఊరుకునేవాడికి ఆ ప్రశ్న తట్టదు. అదే రాయ్ రెండు రకాల వరిని కలిపి నాటితే విడివిడిగా నాటినప్పటికంటే దిగుబడి పెరగవచ్చని కూడా చూపారు.

టి.ఏ. డేవిస్ కొబ్బరిచెట్లను పట్టుకున్నారు. కొబ్బరి మట్టలు కాండం చుట్టూ మెలి తిరుగుతూ వస్తాయి, కొన్ని చెట్లకు ఎడమకు, కొన్నిటికి కుడికి. ఎడమ చెట్టు కాయను నాటితే ఎడమదే వస్తుందా? రాదు, పిల్లల్లో రెండూ ఇంచుమించు సమానం. అంటే మెలిక వారసత్వం కాదు. అయినా ఎడమ మెలిక చెట్లే ఎక్కువ కాయలు కాస్తున్నాయని ఆయన లెక్కల్లో వచ్చింది. తరతరాలుగా కొబ్బరి ఎక్కి దింపుతున్న కోనసీమ వాళ్లకు ఈ సంగతి చెబితే ముందు తలెత్తి చెట్టువైపు చూస్తారు. మంచి పరిశోధన లక్షణం అదేనని నా నమ్మకం. రోజూ చూసేదాన్నే ఇంకోసారి చూసేలా చేయాలి.

ఇప్పటి విద్యార్థి ముందు కంప్యూటరు ఉంది. అవకలన సమీకరణాలు నాలుగు రాసి, పారామితులు పది పెట్టి మీట నొక్కితే అందమైన వక్రరేఖ వస్తుంది. అది చూస్తే నాకు సంతోషమూ ఉంది, భయమూ ఉంది. పది పారామితులుంటే ఏ దత్తాంశానికైనా రేఖను అతికించవచ్చు. ఆ పదింటిలో ప్రతిదానికీ కొలమానం ఏమిటి, రోజుకా, తలకా, చదరపు మీటరుకా అని అడిగితే సగం మంది తడబడతారు. ఒకదాన్ని సున్నా చేస్తే ఏమవుతుందో చూశావా అంటే మిగతా సగం మౌనం. మాంచెస్టర్ లెక్కలో హాల్డేన్ వెతికిన తెలియని సంఖ్య ఒక్కటే. 30 ఏళ్ల తర్వాత అడవికి వెళ్లి సరిచూడటానికి వీలైంది అందుకే. గట్టి కొమ్మ ఒక్కటి దొరికితే చాలు, పది పుల్లల మీద కాలు పెట్టనక్కర్లేదు.

విద్యార్థులకు చోటివ్వడం విషయంలోనూ నేను హాల్డేన్ పక్షమే. రాయ్ వరి వ్యాసమూ, డేవిస్ కొబ్బరి వ్యాసమూ హాల్డేన్ సంపాదకత్వం వహించిన ‘జర్నల్ ఆఫ్ జెనెటిక్స్’లోనే వచ్చాయి. పేర్లు వాళ్లవే. పద్దు రాసినవాడి పేరే పద్దు కింద ఉండాలి. తప్పొస్తే తనదేనని తెలిసినప్పుడే కుర్రవాడు రెండోసారి లెక్కపెడతాడు.

1962లో హాల్డేన్ భువనేశ్వర్ చేరారు. అక్కడే 1964 డిసెంబర్ 1న క్యాన్సర్‌తో కన్నుమూశారు. తన శరీరాన్ని వైద్య విద్యార్థుల చదువుకు ఇవ్వాలని వీలునామా రాశారు. దాని ప్రకారం ఆ శరీరం వచ్చింది కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు. సీతాకోకచిలుకలు లెక్కపెట్టిన శిష్యుడి పిఠాపురం అక్కడికి 20 కిలోమీటర్ల లోపే.