ఉత్తరాన బో టై, దక్షిణాన సీతాకోకచిలుక

హబుల్ 2009లో తీసిన సీతాకోకచిలుక నెబ్యులా బొమ్మ చూడని పాఠకులు అరుదు. పట్టికల్లో అది ఎన్‌జీసీ 6302. మూలా నక్షత్రానికి పడమరగా, చెయ్యి చాచి చూస్తే రెండు మూడు వేళ్ల ఎడంలో ఉంటుంది. సెఫియస్ తారామండలంలోని ఎన్‌జీసీ 40కి, అంటే బో టైకి, అంత పేరు రాలేదు. ఆదోని, ఎమ్మిగనూరు నడుమ పత్తిచేలలో నిలబడితే మొదటిది దక్షిణాన 37 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, రెండోది ఉత్తరాన 33కి.

రెండింటి పుట్టుకా ఒక్కటే. ముసలి తార ఉబ్బి, పైపొరలు వదిలేసింది. మిగిలిన వేడి గర్భం ఆ వాయువును వెలిగిస్తోంది. ఆకారం దగ్గరే దారులు వేరయ్యాయి. బో టై నడిమి తార నుంచి సెకనుకు సుమారు వెయ్యి కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తోంది. అది ముందెప్పుడో నింపాదిగా బయలుదేరిన వాయువును ఢీకొని గుల్లగా నెడుతోంది. తాకిడికి వేడెక్కిన వాయువు ఎక్స్ కిరణాలు చిమ్ముతోంది. సీతాకోకచిలుకలోనైతే, రెండు లక్షల డిగ్రీలు దాటిన తార చుట్టూ దట్టమైన ధూళి వలయం ఉంది. నడుముకు తాడు బిగించిన పత్తిమూట అటూ ఇటూ ఉబ్బినట్టు, వాయువు రెండు పక్కలకే పొంగింది. అక్కడ గాలి పనితనం, ఇక్కడ అడ్డు పనితనం.

ఈ రెండింటినీ మళ్లీ కలిపింది మన శ్రీహరికోట. 2015 సెప్టెంబరు 28న అక్కడి నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత టెలిస్కోపుతో ఎన్. కామేశ్వరరావు, సహచరులు రెండింటినీ పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించారు. బో టై చుట్టూ అంతకుముందు తెలియని కాంతివలయం బయటపడింది. హైడ్రోజన్ అణువులే దాన్ని వెలిగిస్తున్నాయని వారి వివరణ. అలాగే సీతాకోకచిలుకకూ, మనకు తెలిసిన రెక్కలకన్నా చాలా పెద్దవైన, వేరే దిక్కుకు వాలిన మసక రెక్కలు కనిపించాయి. వాటికి అడ్డంగా సన్నటి ధారలు కూడా ఉన్నాయి. సుమారు 2,200 ఏళ్ల కిందటి విస్ఫోటం ఇప్పటి రెక్కలను విప్పింది. మసక రెక్కలు అంతకు ముందరి దశవి కావచ్చు. దిక్కు మారడానికి జంట తార రెండుసార్లు కలగజేసుకోవడం కారణమేమోనని వారి ఊహ.

నా దృష్టిలో, హబుల్ బొమ్మ ఒక్కటే చూసి సీతాకోకచిలుకను గొప్పదనడం తొందరపాటు. అందులో కనిపించేది చివరి అంకమే.

అతినీలలోహిత కాంతిని మన వాతావరణం ఆపేస్తుంది, కాబట్టి ఆ పాత పొరలు నేలమీది నుంచి కనబడవు. మిగతాది చిన్న టెలిస్కోపుకు అందుతుంది. నవంబరులో రాత్రి తొమ్మిదికి ఉత్తరాన బో టైని, ఏప్రిల్ తెల్లవారుజామున దక్షిణాన సీతాకోకచిలుకను వెతకండి.