కంపెనీ లెక్కలో ఏ స్త్రీ?

కంపెనీల వార్షిక నివేదికల్లో 'డైవర్సిటీ, ఇన్‌క్లూజన్' అనే పేజీ ఇప్పుడొక అలంకారం. నవ్వుతున్న ఆడవాళ్ల ఫోటో, పక్కనే ఒక శాతం. ఉద్యోగుల్లో ఇంతమంది స్త్రీలు, మేనేజర్లలో ఇంతమంది, బోర్డులో ఇంతమంది. ఈ పేజీని మేము ఒక కథనో కవితనో చదివినట్టే చదవదలిచాం. రాసిందెంత ముఖ్యమో, రాయకుండా వదిలిందీ అంతే ముఖ్యం. ఈ పేజీలో స్త్రీ ఉంది. ఆమెకు కులం లేదు.

కులం లేని స్త్రీ ఈ దేశంలో ఎక్కడుంది? ప్రశ్న కొత్తది కాదు. 1990లలో తెలుగు సాహిత్యంలో స్త్రీవాదం బలంగా నిలబడ్డ రోజుల్లోనే 'ఏ స్త్రీ?' అని దళిత స్త్రీలు నిలదీశారు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' ఆ నిలదీతకు దొరికిన గట్టి రుజువు. కానీ సాహిత్యంలో ఇంత నలిగిన చర్చ కంపెనీ గేటు దాటి లోపలికి పోలేదు.

చట్టం ఏం చేసిందో చూద్దాం. లిస్టెడ్ కంపెనీల్లోనూ, 100 కోట్ల మూలధనం లేదా 300 కోట్ల టర్నోవర్ ఉన్న పబ్లిక్ కంపెనీల్లోనూ కనీసం ఒక మహిళా డైరెక్టర్ ఉండాలని 2013 కంపెనీల చట్టం 149వ సెక్షన్ చెప్పింది. చాలాచోట్ల యజమాని భార్యో, కూతురో, కోడలో ఆ కుర్చీలో కూర్చున్నారు. విమర్శ వచ్చింది. 2018లో సెబీ నిబంధనలు మార్చి, స్వతంత్ర మహిళా డైరెక్టర్ ఉండి తీరాలంది. 2019 ఏప్రిల్ నుంచి మొదటి 500 కంపెనీలకు, 2020 ఏప్రిల్ నుంచి మొదటి 1000 కంపెనీలకు. మంచిదే. మేము దీన్ని వ్యతిరేకించడం లేదు. కానీ ఇది కోటాయే గదా! 2006లో ప్రభుత్వం ప్రైవేటు రంగంలో ఎస్సీ, ఎస్టీల వాటా మాట ఎత్తితే పరిశ్రమ పెద్దలు 'ప్రతిభ' అంటూ అడ్డం తిరిగారు. చట్టం వద్దు, మేమే స్వచ్ఛందంగా చేస్తామని ప్రవర్తనా నియమావళి రాసుకున్నారు. యజమాని ఇంటి ఆడపడుచు కోటాలో బోర్డుకెక్కితే చావని ప్రతిభ, మాదిగ పిల్ల వస్తానంటే ఎందుకు చస్తుంది?

బోర్డుల కులం ఏమిటో తెలియక ఇలా జరిగిందనుకోవడానికి లేదు. డి. అజిత్, హాన్ డోంకర్, రవి సక్సేనా 1000 కంపెనీల బోర్డుల్ని పరిశీలించి 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో లెక్క చెప్పారు. దాదాపు 93 శాతం అగ్రకులాలు. ఎస్సీ, ఎస్టీలు ఇద్దరూ కలిస్తే 3.5 శాతం. మరుసటి ఏడే మహిళా డైరెక్టర్ చట్టం వచ్చింది. ఆ లెక్క చదివిన జాడ అందులో లేదు.

ఇక అసలు పాఠానికి వద్దాం. 2022-23 నుంచి మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇవ్వాలి. సెబీ తయారుచేసిన ఈ ఫారం చాలా అడుగుతుంది. మగవాళ్లెందరు, ఆడవాళ్లెందరు? పర్మినెంటు ఎందరు, కానివాళ్లెందరు? వికలాంగులెందరు? స్త్రీకి జీతమెంత, పురుషుడికెంత? ప్రసూతి సెలవు నుంచి తిరిగొచ్చినవాళ్లెందరు? ఇన్ని అడిగిన ఫారం ఉద్యోగి కులం అడగదు. అలాగని అట్టడుగు వర్గాలన్న మాటే అందులో లేదా అంటే, ఉంది. సీఎస్‌ఆర్ సాయం అందుకున్నవాళ్లలో బలహీన, అట్టడుగు వర్గాలు ఎంత శాతమో రాయడానికి గడి ఉంది. అంటే ఉద్యోగుల పేజీలో మనం లేం, దానధర్మాల పేజీలో ఉన్నాం!

మాదాపూర్, గచ్చిబౌలి అద్దాల మేడల్లో పొద్దున్నే నేల తుడిచే, బాత్రూములు కడిగే ఆడమనిషి ఈ లెక్కకు ఎక్కితే 'పర్మినెంటు కాని' వరుసలో ఒక అంకె. ఆ వరుస నుంచి పై వరుసకు ఎందరు ఎక్కారో అడిగే గడి లేదు. ఆమె ఏ వాడ నుంచి వస్తుందో అడిగేవాళ్లు అసలే లేరు. ఆమె కూతురు ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో బీటెక్ చదివి అదే మేడకు ఇంటర్వ్యూకు పోతుంది. 'మీ నాన్న ఏం చేస్తారు?' అని అడుగుతారు. సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంతపు కంపెనీల మేనేజర్లతో మాట్లాడి 2007లో రాసింది ఇదే. కుటుంబ నేపథ్యం అడగడం వాళ్లకు మామూలు సంగతి. అదే ఏడు సుఖదేవ్ థోరట్, పాల్ అటువెల్ ఒకే అర్హతలతో వేర్వేరు పేర్ల మీద దరఖాస్తులు పంపి చూశారు. దళిత పేర్లకు పిలుపులు తగ్గాయి.

కులం అడిగితే కులతత్వం పెరుగుతుందంటారు. తండ్రి పని అడగడం కులం అడగడం కాదా? అడిగేది ఎలాగూ అడుగుతున్నారు, లెక్క మాత్రం రాయడం లేదు. చెప్పుకుంటే వేధింపులు వస్తాయన్న భయం నిజమైనదే. పేర్లు లేకుండా మొత్తం అంకెలే బయటపెట్టే పద్ధతి ఉంది. దక్షిణాఫ్రికా 1998 చట్టం కింద పెద్ద యజమానులు ఒక్కో మెట్టు మీద ఏ జాతి స్త్రీలెందరో, పురుషులెందరో ఒకే పట్టికలో చూపాలి. నల్లజాతి స్త్రీ ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో అందులో కనిపిస్తుంది. మన పట్టికలో దళిత స్త్రీ ఆగిపోయిన చోటు కనిపించదు.

ఒక్క మాట మరిచిపోవద్దు. కంపెనీలు గర్వంగా చూపే లైంగిక వేధింపుల కమిటీ అగ్రకుల ఇళ్ల నుంచి రాలేదు. 1992లో బాల్యవివాహాన్ని ఆపబోయి పై కులాల మగవాళ్ల చేతిలో అత్యాచారానికి గురైన రాజస్థాన్ కుమ్మరి స్త్రీ భన్వరీదేవి పోరాటం నుంచి 1997 విశాఖ తీర్పు వచ్చింది. దాని మీదే 2013 చట్టం నిలబడింది. 'డైవర్సిటీ' మాట కూడా అంతే. 2002 జనవరిలో భోపాల్ డిక్లరేషన్ ఆ మాటను ప్రైవేటు ఉద్యోగాల్లో, సరఫరా కాంట్రాక్టుల్లో దళితుల వాటా అనే అర్థంతోనే వాడింది. కంపెనీలు మాట ఉంచుకుని వాటా తీసేశాయి.

అందుకే మేము అడిగేది చిన్నది. ఉద్యోగుల పట్టికలో స్త్రీ గడి పక్కన కులం గడి పెట్టండి. ఊడ్చేవాళ్ల వరుస నుంచి బోర్డు దాకా పెట్టండి. అంకె సున్నా అయితే సున్నా అనే రాయండి. రాసిన సున్నాను పట్టుకుని పోట్లాడవచ్చు. రాయని సున్నాతో ఎవరు పోట్లాడగలరు?