నడుమ రాజు, చుట్టూ చిన్నచిన్నగా ఊరు

ముక్త్యాల మీద ఏ వ్యాసం తీసినా అదే వరస: కృష్ణ ఒడ్డున కోట, వాసిరెడ్డి వంశం, చివర్లో నాగార్జునసాగర్ కోసం పట్టుబట్టిన ముక్త్యాల రాజా. ఆయన కృషిని కాదనలేం. కానీ ఇవి చదువుతుంటే నాకు పక్కనే ఉన్న జగ్గయ్యపేట స్తూపం నుంచి వెళ్లిన చక్రవర్తి శిల్పం గుర్తొస్తుంది (చూడాలంటే చెన్నై మ్యూజియంకి పోవాలి). నడుమ రాజు నిలువెత్తున, చెయ్యెత్తగానే మబ్బుల్లోంచి నాణేల వాన. మిగతావాళ్లంతా ఆయన చుట్టూ చిన్నచిన్నగా. రెండువేల ఏళ్ల నాటి ఆ కూర్పునే మన స్థానిక చరిత్రకారులు ఇంకా చెక్కుతున్నారు. 1955లో నెహ్రూ పునాదిరాయి వేశాడు, సరే. సాగర్ రాతికట్టడం, వేలమంది తలల మీద మోసిన రాయి. వాళ్లలో ఒక్కరి పేరూ ఈ వ్యాసాల్లో లేదు. కోట ఫొటోలు మాత్రం ప్రతిదాంట్లో నాలుగేసి.