పెట్టె మీద బొమ్మ ఉండదు

ఎండాకాలం సెలవులకు బెంగళూరు నుంచి మా మనవరాలు వస్తూ ఓ అట్టపెట్టె తెచ్చింది. వెయ్యి ముక్కల జిగ్సా పజిల్. మూత మీద మిఠాయి అంగడి బొమ్మ. జిలేబీలు, లడ్డూలు, రంగురంగుల కేకులు. మూడు రోజులు హాల్లో ఎవరినీ అడుగు పెట్టనివ్వలేదు. ముందు అంచు ముక్కలు ఏరింది, తర్వాత రంగును బట్టి కుప్పలు పోసింది. జిలేబీ ముక్కలన్నీ ఒకే తీరుగా ఉండి ఏడిపించాయి. నేనూ కళ్ళద్దాలు తెచ్చుకుని కూర్చున్నాను. ఒక్కో పళ్ళెం పూర్తయినప్పుడల్లా పొయ్యి మీంచి వంట దించినంత తృప్తి.

మూడో రోజు సాయంత్రం కరెంటు పోయింది.

"అవ్వా, ఇప్పుడేం చేద్దాం?"

"చీకట్లో ఆడే తిండి పజిల్ ఉంది, ఆడతావా? పూసేది ఎండలో, కాసేది చీకట్లో. కాయను చూడాలంటే చెట్టును పీకాల. ఏంది చెప్పు?"

కాసేపు ఆలోచించి "బంగాళదుంప" అంది. తెలివైన జవాబే, కానీ దుంప పువ్వు నుంచి రాదు. శెనక్కాయ వస్తుంది. పసుప్పచ్చ పువ్వు వాడిపోయాక దాని అడుగు నుంచి ఊడ దిగి మట్టిలోకి దూరుతుంది. కాయ అక్కడ ఊరుతుంది. అనంతపురంవాళ్ళ పిల్ల అయ్యుండీ ఊడ దిగిన చెట్టును అది ఎప్పుడూ చూడలేదు. చూడనివాళ్ళకు పొడుపుకథ విడదు.

ఆ మాటకొస్తే జిగ్సా మొదట పుట్టింది చదువు కోసమే. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే పటాల చెక్కడపు పనివాడు దేశపటాన్ని పలక చెక్కకు అతికించి, సరిహద్దుల వెంబడి కోసి, పిల్లలకు భూగోళం నేర్పే ఆటవస్తువుగా అమ్మాడు. మన పొడుపుకథ చేసే పనీ అదే. ఒక వస్తువును ముక్కలు చేసి చేతిలో పెడుతుంది. కాకపోతే ఇక్కడ పెట్టె మీద బొమ్మ ఉండదు. పైగా ముక్కలు అబద్ధాలాడతాయి.

ఆ అబద్ధం ఆడే తీరులోనే పనితనమంతా ఉంది. టెంకాయ మీది పొడుపుకథ తెలుగువాళ్ళందరికీ తెలుసు. కుమ్మరి చేయని కుండ, ఎవరూ పోయని నీళ్ళు అంటూ సాగుతుంది. ఉన్నదేమిటో చెప్పదు, జరగని పనులు చెబుతుంది. వినేవాడి మనసు కుండ దగ్గర, బావి దగ్గర తిరుగుతుంటే కాయ మాత్రం చెట్టు మీద నవ్వుతూ ఉంటుంది. ఇంకో ఎత్తుగడ, మనిషి కానిదానికి మనిషి చేష్టలు అంటగట్టడం. రాగి కంకిని చూడండి. "వేళ్ళన్నీ ముడిచి పిడికిలి పట్టింది. పిడికిట్లో ఆవగింజలంత అన్నం." ఇది నేను కట్టిందే. పిడికిలి అనగానే పిల్లలు కొట్లాట గురించి ఆలోచిస్తారు, అన్నం అనేసరికి తికమకపడతారు. ఆ తికమక నాకు కావాలి.

సంగటి మీద మా అమ్మమ్మ వేసిన కథ మాటలు మరిచిపోయాను, దాని నడక మాత్రం గుర్తుంది. పొయ్యి మీద ఉన్నంతసేపు కట్టెతో పోరాటం, దించాక గుండులా కూర్చోవడం, పంటికి పని చెప్పకుండా గొంతు దిగడం. ఎర్రగడ్డ మీద అయితే చెప్పనక్కర్లేదు, చీరలు విప్పినకొద్దీ చీరలే, ఏడ్చేది మాత్రం విప్పినవాళ్ళు. ఆడవాళ్ళ మధ్య ఇలాంటివి కాస్త కొంటెగానే సాగేవి. జవాబు అమాయకంగా ఉంటుంది, ప్రశ్న ఉండదు. పిల్లల పుస్తకాల్లోకి ఎక్కేటప్పుడు ఆ కొంటెతనాన్ని చాటతో చెరిగేశారు. అది నష్టమనే నా లెక్క.

ఇవి ఎక్కడ వేసేవాళ్ళంటే, విత్తనం శెనక్కాయలు ఒలిచేచోట. మా జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ నమ్మకం లేని వాన. తొలకరి పడిన వెంటనే విత్తాలి కాబట్టి పప్పు ముందే సిద్ధంగా ఉండాలి. చిన్న దీపం ముందు ఆడవాళ్ళందరూ గుంపుగా కూర్చుని బుడ్డలు ఒలిచేవాళ్ళు. చేతులకు తీరిక లేదు, నోరు ఖాళీ. బొటనవేలు వాచేదాకా కథ మీద కథ. విప్పలేకపోతే ఓడిపోయానని నోటితో ఒప్పుకోవాలి, అప్పటిదాకా జవాబు చెప్పరు. రెండు జవాబులు సరిపోతే కథ వేసినవాళ్ళ మాటే తీర్పు. మా అమ్మమ్మ ఈ హక్కును ఘోరంగా వాడుకునేది.

శెనక్కాయ దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట. మా మెట్ట పొలాలన్నింటినీ అది ఆక్రమించింది గత శతాబ్దంలోనే. అంటే దాని మీద పొడుపుకథలు కట్టినవాళ్ళు మరీ పాతకాలంవాళ్ళేం కాదు, కొత్త పంట ఇంటికి రాగానే కొత్త కథ కట్టుకున్నారు. కొర్ర, సామ, అరికె పొలంలోంచి పోయినప్పుడు వాటి కథలూ వెనకే పోయాయి. చిరుధాన్యాలు ఇప్పుడు ప్యాకెట్లలో తిరిగి వస్తున్నాయి, 2023ను వాటి పేరిట అంతర్జాతీయ సంవత్సరంగానూ జరిపారు. ప్యాకెట్ తెరిచినవాళ్ళు కంకి చూడలేదు. ఇంక కథ ఎట్లా కడతారు?

ఈ మాట మా మనవరాలితో అంటే దానికి రోషం వచ్చింది. మరునాడు పొద్దున మా చెల్లెలి తోటలో చీనీకాయ ఒలుస్తూ, "అవ్వా, ఇది విప్పు" అంది. "పచ్చబంతి లోపల పది పడవలు. పడవల నిండా వాన."

తొనలను పడవలన్న ఆ చూపు నాకు లేదు. అయినా పెద్దదాన్ని కదా, ఒక తప్పు పట్టాను. వాన కాదు, బోరు నీళ్ళు. బోరు ఎండిన ఏడాది ట్యాంకర్లతో నీళ్ళు తోలి ఆ చెట్లను బతికించుకున్నారు మా చెల్లెలువాళ్ళు. "అయితే 'పడవల నిండా అప్పు' అననా?" అంది. అననిచ్చాను.

పుస్తకాల్లో పొడుపుకథ కిందనే జవాబును తలకిందులుగా అచ్చు వేస్తారు. ఆ పద్ధతి నాకు నచ్చదు, అందుకే చివరిదానికి జవాబు ఇవ్వడం లేదు. "కాలే ఇసుకలో దూకింది, తెల్లబట్ట కట్టుకుని లేచింది. చేరెడు పోస్తే చాటెడయింది." అనంతపురం నుంచి బళ్ళారి దాకా ఏ టిఫిన్ హోటల్లోనైనా పొద్దున్నే దీన్ని నానబెట్టి, తాలింపు వేసి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. అప్పటికీ తట్టకపోతే ఓడిపోయానని పైకి అనండి, ఇంట్లో పెద్దవాళ్ళు చెబుతారు.