గండి అనే మాట ఉండగా

గండికోట మీద తెలుగులో వచ్చిన యాత్రా వ్యాసాలు ఈ మధ్య వరసపెట్టి చదివాను. రీల్స్ ఎన్ని చూశానో లెక్కలేదు. చాలావరకు ఒకటే మొదలు: ఇది మన గ్రాండ్ కాన్యన్. ఆ తర్వాత సూర్యోదయం, టెంట్లు, బండ అంచున వీపు చూపిస్తూ నిలబడ్డ ఒక మనిషి. చదివినంతసేపూ నాకు పెన్న లోయ కనబడలేదు. ఎప్పుడో చూసిన అరిజోనా ఫొటోనే కనబడింది, కాస్త చిన్న సైజులో.

పోల్చడం తప్పని అనను. కానీ ఈ పోలిక మనకే నష్టం. అక్కడి లోతు కొన్నిచోట్ల 1,800 మీటర్లు దాటుతుంది, ఇక్కడ సుమారు 300 అడుగులు. పోల్చిన మరుక్షణం మనది నకలైపోతుంది. పైగా ఆ ఇంగ్లీషు పేరులో ఉన్నదల్లా 'పెద్ద లోయ' అనే.

మన పేరులో అంతకన్నా చాలా ఉంది. మోతె వైపు ఎవరికీ గండి అంటే ఏంటో విడమరిచి చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబర్ మొదట్లో కురిసిన వానలకు పక్కనున్న నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది, నీళ్లు పొలాల మీద పడ్డాయి. కట్ట మీద నీళ్లు గెలిచిన చోటు గండి. పెన్న ఎర్రమల కొండల్ని గెలిచింది కూడా అట్లాగే, కాకపోతే అది ఒక్క రాత్రి పని కాదు. ఆ లోయ ఎట్లా పుట్టిందో, దాన్ని చూస్తే గుండె ఎందుకు జారుతుందో రెండూ ఆ రెండక్షరాల్లోనే ఉన్నాయి. పేరు పెట్టినవాళ్లు నీళ్లతో బతికినవాళ్లు అయ్యుంటారు.

ఇంకో అలవాటు, సీమను 'ఎడారి' అనేయడం. ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు వాన పడే నేలను సాధారణంగా ఎడారి అంటారు. కడప జిల్లా సగటు దానికి రెట్టింపు పైనే. కరువు నిజం, ఎడారి మాత్రం మన బద్ధకం. ఆ వ్యాసాలు చూడమని పంపే రెండు చోట్లూ, గండికోటా బెలుం గుహలూ, నీళ్లు చెక్కినవే కదా!

బెలుంకి వెళ్తే ఈ పేర్ల గొడవ ఇంకా బాగా తెలుస్తుంది. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో, చుట్టూ చదునైన పొలాల మధ్య, బావిలోకి దిగినట్టు దిగాలి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ దీని గురించి రాశాడు, 1982-83లో గెబావర్ అనే జర్మన్ తన బృందంతో వచ్చి కొలిచాడు, 2002లో జనానికి తెరిచారు. మొత్తం 3,229 మీటర్లు. లోపల ఉక్క. రంగు లైట్లు. సున్నపురాయి అసలు రంగేంటో తెలుసుకోవాలంటే లైటు పడని మూల వెతుక్కోవాలి. అక్కడ ఒక గదిని కోటిలింగాలు అంటారు. ఆ మాట వినగానే అందరూ దండం పెట్టి ముందుకు కదిలారు, రాయిని ఇంకోసారి చూసినవాళ్లు లేరు. నమ్మకాన్ని తప్పుబట్టడం లేదు, ఆ పేరు చూపును అక్కడికక్కడే ఆపేస్తోందంటున్నా. వేయిపడగలు అట్లా కాదు. ఆ పేరు విన్నాక తలెత్తి ఒక్కో పడగా వెతుకుతాం. (విశ్వనాథ నవల గుర్తొస్తుంది, సరే.) మా జిల్లాలో ఫణిగిరి కూడా ఈ రకమే: కొండ పాము పడగలా ఉందని ఎవరో చూశారు, చూసింది చూసినట్టు చెప్పారు. మంచి యాత్రా రచన ఆ పనే చెయ్యాలి.

ఇళ్లల్లో మనం నడిచే నాపరాళ్లు చాలావరకు ఈ నేలవే. హుజూర్‌నగర్ వైపు ఇలాంటి సున్నపురాయినే సిమెంటుగా కాలుస్తున్నారు. గుహలో ఉంటే దేవుడు, బయట ఉంటే సరుకు. మధ్యలో అది రాయి అని చెప్పే వాక్యం ఒక్క వ్యాసంలో కూడా దొరకలేదు నాకు.

ఇదంతా మాటల చాదస్తం అనుకునేవాళ్లు కోటకు ఎగువకి వెళ్లాలి. అక్కడ పెన్నకు అడ్డంగా గండికోట జలాశయం ఉంది, సామర్థ్యం దాదాపు 27 టీఎంసీలు. నీళ్లు నింపడానికి 2020లో తాళ్లప్రొద్దుటూరును ఖాళీ చేయించారు, పరిహారం మీద అప్పుడు పెద్ద గొడవ జరిగింది. లోయను గ్రాండ్ కాన్యన్‌గా చూస్తే అదొక అందమైన సీనరీ, సీనరీకి ఊళ్లు ఉండవు. గండిగా చూస్తే దాన్ని పూడ్చినదెవరు, పైన ఆగిన నీళ్లు ఎవరి ఇళ్ల మీదికి పోయాయి అని అడగబుద్ధవుతుంది. నేను చదివిన వ్యాసాల్లో టెంటు అద్దె ఎంతో ఉంది, మంచి ఫొటో ఏ బండ మీంచి వస్తుందో ఉంది. తాళ్లప్రొద్దుటూరు పేరు లేదు.