పళ్లు చూసి కట్టే బండ

మాఘం దాటాక గిద్దలూరు నుంచి మార్కాపురం దాకా బస్సులో వెళ్తే, ఊరి మలుపుల్లో ఒకే రకం ఫ్లెక్సీలు కనబడతాయి. పైన ఆ ఊరి దేవుడు, మధ్యలో మూపురాలు ఎగిసిన రెండు తెల్ల గిత్తలు, కింద దాతల ఫోటోలు, ఆ కింద మొదటి బహుమతి నుంచి వరసగా రొక్కం వివరాలు. ‘ఒంగోలు జాతి వృషభరాజముల బండలాగుడు పోటీలు’ అని పెద్దక్షరాలు. కంభం, బేస్తవారిపేట, రాచర్ల, కొమరోలు, అర్ధవీడు ఏ వైపు వెళ్లినా తిరునాళ్లకు ప్రభలు, పొంగళ్లు ఎంత ముఖ్యమో బండలాగుడూ అంతే ముఖ్యం. క్రికెట్ చూసే కుర్రాళ్లు కూడా ఆ రోజు బరి చుట్టూ కట్టిన తాళ్ల దగ్గరే ఉంటారు.

రెండు తరాల కిందట ఇది సేద్యగాళ్ల సరదా. పంట ఇంటికొచ్చాక, అరక దున్ని రాటుదేలిన ఎడ్లనే తెచ్చి బండకు కట్టేవారు. ఎవరి కొట్టంలో సత్తువ ఉందో ఊరికి తెలిసేది, మర్నాటికి ఆ ఎడ్లు మళ్లీ పొలంలో ఉండేవి. ఇవాళ బరిలోకి దిగే గిత్త చాలావరకు అరక ఎరగదు. దాని పని బండ లాగడం ఒక్కటే. దానికి వేరే మేత, వేరే మనుషులు, ఊరూరా తిప్పడానికి వేరే బండి. సరదా వృత్తిగా మారింది. ఈ మార్పు పల్లెను పాడుచేసిందనే పెద్దలు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఒంగోలు మగదూడ ఇంకా రైతు ఇంటి కట్టుకొయ్యకు ఉందంటే, దాన్ని అక్కడ నిలబెట్టినవాటిలో ఈ పోటీలే పెద్దవి.

ఆట ఎంత పద్ధతిగా మారిందో తెలియాలంటే బండ దగ్గర కాదు, పళ్లు చూసే చోట నిలబడాలి. ఒకతను ముక్కుతాడు పట్టి గిత్త తల పైకెత్తుతాడు. ఇంకొకతను బొటనవేలితో కింది పెదవి కిందికి నొక్కుతాడు. పశువుకు పై దవడ ముందు వైపు పళ్లు ఉండవు, గట్టి చిగురే. చూడాల్సింది కింది వరసలోని ఎనిమిది. పాలపళ్లు సన్నగా, పొట్టిగా, పాలిపోయినట్టు ఉంటాయి. రెండున్నరేళ్లు వచ్చేసరికి నడిమి జత రాలి, వాటి చోట వెడల్పాటి పళ్లు రెండు మొలుస్తాయి. మూడో ఏడు దాటితే నాలుగు, నాలుగో ఏటికి ఆరు, అయిదేళ్లకు అటూ ఇటూగా ఎనిమిదీ పూర్తవుతాయి. మేతను బట్టీ వంశాన్ని బట్టీ కొన్ని నెలలు తేడా వస్తుంది. పుట్టినతేదీ ఎవరూ రాయని పశువుకు ఇంతకన్నా నమ్మకమైన లెక్క కళ్లెదుట దొరకదు.

ఆ లెక్క మీదే విభాగాలు కట్టారు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సబ్ జూనియర్స్, జూనియర్స్, సీనియర్స్. విభాగం పెరిగేకొద్దీ బండ బరువు పెరుగుతుంది. ఊగుతూ ఇంకా రాలని పాలపన్ను ఒక్కటి చాలు, కమిటీ బల్ల దగ్గర అరగంట వాదన నడవడానికి. బయటివాళ్లకు అది చిల్లర గొడవలా కనిపిస్తుంది. కానీ ఈ క్రీడలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించేది ఆ వాదనే. లేత గిత్తకు ముదురు గిత్తల బండ కడితే కీళ్లు, గిట్టలు జీవితాంతానికి పాడవుతాయి. ఎముక ముదరక ముందు బరువు ఎత్తకూడదన్న రైతు జ్ఞానాన్ని నిబంధనగా రాసుకున్న ఆట ఇది.

ఇక బండ. మార్కాపురం పలకలకు పేరుపడ్డ నేల. దేశమంతటా పిల్లలు అక్షరాలు దిద్దిన పలకల్లో ఎన్నో ఇక్కడి గనుల్లోంచి వెళ్లినవే. అయితే పలకరాయి పొరలు పొరలుగా విడిపోతుంది కాబట్టి ఈ పనికి పనికిరాదు. చీలిక లేని గట్టి రాయి కావాలి. చక్రం లేదు, ఇరుసు లేదు. నేలకు ఆనుకున్న రాయి నేలను ఒరుసుకుంటూనే సాగాలి. నిలిచి ఉన్న బండను కదిలించడానికి పట్టే బలం, కదులుతున్న దాన్ని సాగించడానికి పట్టే బలం కంటే ఎక్కువ. అందుకే ఆటంతా మొదటి అడుగులోనే ఉంది. బండ ఒకసారి కదిలాక దాన్ని ఆగనివ్వకపోవడమే తోలేవాడి విద్య. ఆగిన ప్రతిసారీ మొదటి అడుగు కష్టం మళ్లీ పడాలి.

ఆ మొదటి అడుగు రెండు గిత్తలూ ఒకేసారి వేయాలి. ఎలపట గిత్త ఒక్క క్షణం ముందు మెడ వంచిందంటే కాడి ఏటవాలుగా తిరిగిపోతుంది, బండ మూల నేలలో గుచ్చుకుంటుంది, దాపట గిత్త తన బలాన్ని ముందుకు కాక పక్కకు ఖర్చు చేస్తుంది. కాడి ఆనేది మూపురం ముందు మెడ మీద. వెనక గిట్టలు నేలను తన్నిన బలం నడుము మీదుగా వచ్చి అక్కడ కాడిని నెడుతుంది, కాడి వెనక్కి జారకుండా మూపురం ఆపుతుంది. అందుకే కొనేవాడు ముందు మూపురం చూడడు. వెనక్కి వెళ్లి తొడలు, మడమలు, గిట్టల మధ్య ఎడం చూస్తాడు. గంగడోలు అందం తర్వాత సంగతి.

జత కుదర్చడం అన్నిటికన్నా కష్టం. ఎత్తు కలవాలి, అడుగు పొడవు కలవాలి, ఒకదాని ఉడుకు ఇంకొకదాని నిదానానికి సరిపోవాలి. ఇద్దరు యజమానులు చెరో గిత్తను తెచ్చి ఒకే కాడికి కట్టడం ఇప్పుడు మామూలైంది, ‘కంబైన్డ్ జత’ అని మైకులో చదువుతారు. ఒక గిత్త కొమరోలు వైపుదైతే ఇంకొకటి నల్లమల అవతల నంద్యాల వైపుది కావచ్చు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాలు కర్నూలు జిల్లాలోవే. జిల్లా గీత మారినా పశువుల రాకపోకలు మారలేదు. దిగువమెట్ట ఘాట్ మీదుగా గిత్తలు అటూ ఇటూ వెళ్తూనే ఉన్నాయి.

గెలుపును నిర్ణయించేది నిర్ణీత నిమిషాల్లో లాగిన మొత్తం దూరం. దాన్ని అడుగుల్లో కొలుస్తారు, ఒక్కోసారి అంగుళాల దగ్గర తేలుతుంది. బరి ఒక కొస నుంచి ఇంకో కొసకు ఒక రౌండు. ఒక్కో రౌండు ఎన్ని సెకన్లలో పూర్తయిందో వ్యాఖ్యాత మైకులో చెబుతుంటాడు, జనం ఆ సెకన్లను ముందు జతతో పోల్చుకుంటుంటారు. మొదటి రెండు రౌండ్లు ఉరికించి చప్పట్లు కొట్టించుకున్న జత చివరి నిమిషాల్లో నోట నురగతో నిలబడిపోవడం తరచూ జరిగేదే. అనుభవమున్నవాడు మొదట పగ్గం బిగబట్టి ఉంచుతాడు. కొస దగ్గర తిప్పేటప్పుడు లోపలి గిత్తను దాదాపు నిలిపి, బయటి గిత్తను చుట్టూ నడిపిస్తాడు. ఆ మలుపులో పోగొట్టుకున్న సెకన్లు తిన్నటి దారిలో తిరిగి రావు. నా కళ్లకు గొప్ప తోలేవాడంటే కేక తక్కువ, కాలి నడక ఎక్కువ ఉన్నవాడు. గిత్త చెవి పక్కన తానూ అదే వేగంతో నడుస్తూ, ఒక్క అదిలింపుతో పని జరిపించేవాడు.

ఈ నిమిషాల వెనక ఏడాది పొడుగునా చాకిరీ ఉంటుంది. తెల్లవారుజామున నడక, చెరువు నిండిన ఊళ్లలో ఈత, వారానికి కొన్నాళ్లు తేలిక బండతో సాధన. మెట్టప్రాంతం కాబట్టి జొన్నచొప్పే మూలాధారం, దానికి ఉడకబెట్టిన ఉలవలు, పత్తిగింజలు, కందిపొట్టు. పోటీల కాలంలో గుడ్లు, ఖర్జూరాలు కూడా పెట్టేవారున్నారు. గిత్తలతోపాటే పడుకునే మనిషి ఒకడు ఉంటాడు. పేడ పలచబడితే ముందు తెలిసేది అతనికే, కాలు ఏ కాస్త ఈడ్చినా పోటీకి వద్దని చెప్పేదీ అతనే. ఫ్లెక్సీలో యజమాని ఫోటో ఉంటుంది, ఇతనిది ఉండదు. ఉండాలని నా కోరిక.

ఎందుకింత ఖర్చు? ట్రాక్టరు వచ్చాక ఎద్దుకు పొలంలో పని పోయింది. ఇది మన జిల్లా కథ ఒక్కటే కాదు. 2012, 2019 పశుగణనల మధ్య దేశంలో ఆవుజాతి ఆడపశువుల సంఖ్య సుమారు 18 శాతం పెరిగితే మగవాటి సంఖ్య సుమారు 30 శాతం తగ్గింది. పాలకు ఆవు కావాలి, దూడ మగదైతే బరువు. అలాంటి రోజుల్లో పాలపళ్ల మగదూడను ఒక రైతు వచ్చి చూసి, నడిపించి, లక్షల్లో బేరమాడుతున్నాడంటే ఆ డబ్బు పొలం నుంచి కాదు, బరి నుంచి వస్తోంది. బహుమతి సొమ్ముతో ఎవరూ ధనవంతులు కాలేదు. ఏడాది మేతకే అది చాలదు. గెలిచిన గిత్తకు పెరిగే ధర, దాని దూడలకు వచ్చే గిరాకీ అసలు ఆదాయం. ఇప్పుడు పోటీలు యూట్యూబులో ప్రత్యక్షంగా వస్తున్నాయి కాబట్టి కొనేవాడు ఎక్కడో కూర్చుని కూడా గిత్త పరుగు చూసి మనసులో వెల కట్టుకోగలడు.

మన గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, మార్కాపురం మీదుగా తూర్పుకు పారి, ఒంగోలు దగ్గరలో సముద్రంలో కలుస్తుంది. ఆ నది కింది భాగపు ఊళ్ల పశువే ఒంగోలు జాతిగా లోకానికి తెలిసింది. పందొమ్మిదో శతాబ్దంలోనే ఓడలెక్కి బ్రెజిల్ చేరింది. అక్కడ దానికి నెలోర్ అని పేరు, మన నెల్లూరు పేరే. 1960ల మొదట్లో ఒంగోలు పక్కనున్న కరవది నుంచి వెళ్లిన గిత్త సంతతి అక్కడి మందల్లో ఇప్పటికీ పెద్దపేరు. ఈమధ్య వియాటినా 19 అనే నెలోర్ ఆవుకు మన లెక్కలో దాదాపు 40 కోట్ల రూపాయల విలువ కట్టారన్న వార్త చదివి మనవాళ్లంతా గర్వపడ్డాం. అయితే బ్రెజిల్‌వాళ్లు తరతరాలుగా ఎంచుకున్నది మాంసం పెరిగే పశువును. ఎండలో బరువు లాగే గిట్ట, నడుము, ఊపిరి వాళ్లకు అక్కర్లేదు. ఆ గుణాలను ఇంకా డబ్బు పెట్టి ఎంచుకుంటున్నది మన బండలాగుడు రైతులే.

ప్రపంచంలో ఈ ఆట మనకొక్కరికే లేదు. స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో ఎడ్లతో బండ లాగించే పోటీలు ఊరి మధ్య, రాళ్లు పరిచిన ప్రత్యేకమైన బరిలో జరుగుతాయి. ఇడి ప్రోబాక్ అంటారు. అక్కడా నిర్ణీత సమయంలో ఎన్నిసార్లు కొస నుంచి కొసకు లాగిందన్నదే లెక్క. వాళ్లకు శాశ్వతమైన బరి ఉంది. మనకు ప్రతి తిరునాళ్లకీ కొత్తగా చదును చేసిన పొలం. నేల తీరు ఊరూరికీ మారుతుంది కాబట్టి ఒక ఊరి దూరాన్ని ఇంకో ఊరి దూరంతో పోల్చడానికి లేదు. ఏ గిత్త మేటి అన్న రచ్చబండ వాదన అందుకే ఎప్పటికీ తెగదు.

హింస మాట దాటవేయకూడదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కొట్టడాన్ని నేరమంటుంది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందాలను నిలిపేసింది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ చట్టాలు సవరించుకుంటే, 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం వాటిని సమర్థించింది. ఆ కేసులు బండలాగుడు మీద నడిచినవి కావు. అంతమాత్రాన మనం ఊపిరి పీల్చుకోవడం సరికాదు. ములుగర్రతో పొడిచి, తోక మెలిపెట్టి లాగించిన అడుగులు గిత్త బలాన్ని కొలవవు, దాని భయాన్ని కొలుస్తాయి. చేతిలో కర్ర లేకుండా తోలాలన్న నియమం ప్రతి కమిటీ పెట్టాలి, దాటిన జతను అప్పటికప్పుడే బరి నుంచి తప్పించాలి. చైత్రంలో మన పడమటి ఎండ ఎలా ఉంటుందో తెలిసి కూడా పదకొండు తర్వాత బండ కట్టడం తప్పు. పొద్దున ముగించాలి, లేదా దీపాల వెలుతురులో పెట్టాలి. బరి పక్కన పశువైద్యుడు, తొట్టిలో నీళ్లు, గోనెపట్టాల నీడ ఉండాలి. వృత్తి క్రీడ అని చెప్పుకుంటున్నాం కాబట్టి ఆటగాడి ఆరోగ్యం ముందు రావాలి. ఇక్కడ ఆటగాడు మాట్లాడలేడు.

ఇంకొక పని మిగిలింది, దానికి ఖర్చేమీ లేదు. ఏ గిత్త ఎన్ని అడుగులు లాగిందో కమిటీలు రాసే కాగితం బహుమతులు ఇచ్చాక చిత్తుకాగితమవుతోంది. ఆ గిత్త తండ్రెవరో, తల్లి ఎవరింటి ఆవో అందులో ఉండదు. పశుసంవర్ధక శాఖ చెవులకు వేస్తున్న పోగు మీద పన్నెండంకెల సంఖ్య ఉంది. పళ్లు చూసేటప్పుడే ఆ సంఖ్యను కూడా రాసుకుని, దాని ఎదురుగా విభాగం, బండ బరువు, దూరం వేస్తే కొన్నేళ్లలో ఏ వంశం గిత్తలు చివరి నిమిషం దాకా నిలుస్తున్నాయో తెలిసిపోతుంది. చదలవాడ పశుక్షేత్రానికి గానీ, గుంటూరు పక్కన లాం పరిశోధన కేంద్రానికి గానీ అలాంటి లెక్కలు ఎంతో పనికొస్తాయి. దూడను కొనడానికి అర్ధవీడు నుంచి బయల్దేరిన రైతుకు ఇంకా ముందే పనికొస్తాయి. ఇప్పుడతను అమ్మేవాడి మాట, ఫోనులో వీడియో, తన కంటి అంచనా నమ్ముకుని లక్షలు లెక్కపెడుతున్నాడు.