ముద్దాయి రాజరాజే

సారంగధర నాటకం ముగిసి జనం లేచి ఇళ్లకు పోతూ ఉన్నప్పుడు వాళ్ల మాటలు వినండి. శాపనార్థాలన్నీ చిత్రాంగికే. "ఎంత పని చేసెనమ్మా ఆయమ్మ!" అంటారు ఆడవాళ్లు. పెద్దవాళ్లు "పిల్లోని రాత అట్లుండాది, ఎవరేం చేస్తారప్పా" అని నిట్టూరుస్తారు. రాజరాజ నరేంద్రుడి పేరు మాత్రం ఒక్కరి నోటా రాదు. కన్నకొడుకు కాళ్లూ చేతులూ నరకమని ఆజ్ఞ ఇచ్చింది ఆయనే కదా! ధర్మవరం, హిందూపురం చుట్టుపక్కల పద్యనాటకాలు ఆడిస్తూ బతుకులో ఎక్కువ భాగం గడిపినవాణ్ణి. జనం ఇచ్చే ఈ తీర్పు ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

ఈ కాలం పిల్లల కోసం కథ నాలుగు ముక్కల్లో చెబుతాను. రాజరాజు తన కొడుక్కి సంబంధం చూడమని అతని చిత్రపటం పంపిస్తాడు. ఆ పటం చూసి చిత్రాంగి సారంగధరుడి మీద మనసు పెట్టుకుంటుంది. ఆమె అందం గురించి విన్న రాజు ఆమెను తనే చేసుకుంటాడు. ఆయన వేటకు పోయిన రోజున సారంగధరుడి పావురం వెళ్లి చిత్రాంగి మేడ మీద వాలుతుంది. స్నేహితుడు వద్దంటున్నా పిల్లవాడు పావురం కోసం లోపలికి వెళతాడు. ఆమె కోరిక చెబుతుంది, అతను తల్లివంటిదానివని కాదంటాడు. రాజు తిరిగొచ్చాక ఆమె నేరం అతని మీదికి నెడుతుంది. ఆ తర్వాత తలారులు.

చరిత్రలో ఇలాంటిదేమీ లేదు. నన్నయ చేత భారతం రాయించిన రాజరాజుకు చరిత్రకు తెలిసిన కొడుకు రాజేంద్రుడు. 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడైనవాడు. అయినా రాజమహేంద్రవరంలో సారంగధర మెట్టను ఇప్పటికీ చూపిస్తారు. జనం మనసులో ఆ కథ అంత గట్టిగా నాటుకుంది.

ఈ కథను తెలుగు రంగస్థలం మీద తొలి విషాదాంత నాటకంగా నిలబెట్టింది మనవాడే. ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో ధర్మవరంలో పుట్టారు. బళ్లారిలో వకీలుగా పేరు తెచ్చుకున్నారు. సరస వినోదినీ సభ పెట్టారు, సుమారు 30 నాటకాలు రాశారు, ఆంధ్ర నాటక పితామహుడు అనిపించుకుని 1912లో కన్నుమూశారు. నాటకం మంగళంగా ముగియాలి, రంగం మీద చావు చూపకూడదు అని పండితులు పట్టుబట్టే రోజుల్లో 'విషాద సారంగధర' రాయడానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి.

ఆ ధైర్యం వల్ల కథలో ఏం మారిందన్నదే అసలు సంగతి. పాత కథనాల్లో సిద్ధుడొకాయన వస్తాడు, తెగిన కాళ్లూ చేతులూ మళ్లీ మొలుస్తాయి. పూర్వజన్మలో చేసిన పాపమే ఇలా అనుభవానికి వచ్చిందని చెప్పే కథనాలూ ఉన్నాయి. ఒకటి నేరాన్ని పోయిన జన్మ మీదికి తోస్తుంది. ఇంకొకటి జరిగిన నష్టాన్ని మాఫీ చేస్తుంది. రెండింటి మధ్యా రాజు చేతికి మట్టి అంటకుండా బయటపడతాడు. విషాదాంతంలో ఆ వెసులుబాటు లేదు. పోయింది తిరిగి రాదు. చేసిందెవరని అడగక తప్పదు. కోర్టులో సాక్షుల్ని ప్రశ్నించడమే వృత్తిగా బతికిన మనిషి ఈ కథను ఏరికోరి విషాదంగా ముగించాడంటే నాకేమీ ఆశ్చర్యం లేదు. అదే బళ్లారిలో విజయనగర పతనాన్ని 'రామరాజు చరిత్ర'గా నాటకం చేసిన కోలాచలం శ్రీనివాసరావు కూడా వకీలే. ఆ నాటకంలో పఠాను వేషంతో పేరు మోగించిన బళ్లారి రాఘవ మన ఆచార్యులవారికి మేనల్లుడు.

సరే, చిత్రాంగి సంగతి. ఆమె చెప్పింది అబద్ధం, ఆ అబద్ధం ఒక ప్రాణం తీసింది. అందులో వెనకేసుకు రావడానికి ఏమీ లేదు. కానీ ఆమెకు కొడుకు పటం చూపించి తండ్రి తాళి కట్టాడు. ఈ ఇంట్లో మొదటి అన్యాయం జరిగింది ఆమెకే. స్థానం నరసింహారావు లాంటి మహానటుడు చిత్రాంగి వేషం కట్టి తెలుగునాడంతా మెప్పించాడంటే ఆ పాత్రలో వగలు మాత్రమే ఉండబట్టి కాదు, గాయం కూడా ఉండబట్టే. ఆ గాయాన్ని వదిలేసి వగలొక్కటే పట్టుకున్న చిత్రాంగులు ఈమధ్య ఎక్కువయ్యారు. అందుకే జనానికి తిట్టడం తేలికైంది.

పావురం కోసం వెళ్లడమే సారంగధరుడి తప్పు అంటారు చదువుకున్నవాళ్లు. విషాద నాయకుడు మంచివాడై ఉండాలి, ఏదో ఒక పొరపాటు వల్ల కూలాలి అని అరిస్టాటిల్ చెప్పాడు కాబట్టి ఆ పొరపాటును వెతికి పట్టుకోవాలన్నది వాళ్ల తాపత్రయం. నేనొప్పుకోను. తండ్రి ఇంట్లోకి కొడుకు వెళ్లడం నేరమెలా అవుతుంది? స్నేహితుడి మాట వినకపోవడం తొందరపాటే. ఆ తొందరపాటుకు కాళ్లూ చేతులూ శిక్షా?

ఇక మిగిలింది రాజు. ఆ రోజు ఆ సభలో ఫిర్యాదీ ఆయనే, న్యాయాధిపతీ ఆయనే. భార్య చెప్పిన మాట విన్న భర్తగా కోపం రావచ్చు, అది మనిషి గుణం. అయితే ఆ కోపంతోనే సింహాసనం మీద కూర్చుని శిక్ష చెప్పాడు. సాక్షిని పిలవలేదు, కొడుకును నోరు తెరవనివ్వలేదు, తెల్లారేదాకా ఆగలేదు. ఒథెల్లో నాటకంలోనూ ఇంతే కదా. ఇయాగో చాడీలు చెప్పాడు నిజమే, భార్య ఊపిరి తీసిన చేతులు మాత్రం ఒథెల్లోవి. చాడీ చెప్పేవాళ్లు ప్రతి కొలువులోనూ ఉంటారు. వాళ్ల మాట విని ఒక్క ప్రశ్న కూడా వేయకుండా అధికారం ఎత్తినవాడిదే పెద్ద నేరం.

లేపాక్షికి వెళ్లినవాళ్లు ఇలాంటి కథే విని ఉంటారు. అచ్యుతదేవరాయల కాలంలో వీరభద్రస్వామి గుడి కట్టించిన విరూపణ్ణ కోశాగారం సొమ్ము గుడికి ఖర్చు పెట్టేశాడని ఎవరో రాజు చెవిన వేశారట. కళ్లు తీసేయమని ఆజ్ఞ వచ్చిందని తెలిసి విరూపణ్ణ తన కళ్లు తనే పీకి గోడకు కొట్టాడట. పూర్తికాని కల్యాణ మండపం దగ్గర ఆ గోడ మీద రెండు ఎర్రటి మరకలను గైడ్లు వేలు పెట్టి చూపిస్తారు. విరూపణ్ణ చరిత్రలో ఉన్న మనిషే, కళ్ల సంగతి మాత్రం జనం చెప్పుకునే కథ. అక్కడ కూడా అందరూ "పాపం విరూపణ్ణ" అనేవాళ్లే. లెక్కలు చూడకుండా శిక్ష వేసిన రాజును తప్పుపట్టేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. రాజును తప్పుపట్టకపోవడం మనకు తరతరాల అలవాటు.

రంగం మీద ఈ అలవాటును మేమే పెంచుతున్నాం. మా సారంగధరలో రాజు వేషం కట్టేది పగలంతా మగ్గం నేసే మనిషి. కంచుకంఠం. జుట్టు విరబోసుకుని చిత్రాంగి ఫిర్యాదు చెప్పడం ఆలస్యం, పై స్థాయిలో క్రోధపు పద్యం ఎత్తుకునేవాడు. రాగం సాగదీసి, హార్మోనియం ఆగీ ఆగకముందే తలారుల వైపు చెయ్యి చాచేవాడు. ఒకటే చప్పట్లు, ఒన్స్ మోర్‌లు. ఆ చప్పట్లలో ఆజ్ఞ కొట్టుకుపోయేది. రిహార్సల్లో ఆపాను.

"అన్నా, పద్యం అయినాక చెయ్యెత్తొద్దు. కొడుకు మొగం చూడు. ఏమో అడగాలన్నట్టు నోరు తెరువు. అడగొద్దు."

"చప్పట్లు పోతాయి సామీ."

"పోనీ."

ఒక గుడి ముందర ఆడిన రాత్రి హార్మోనిస్టు శ్రుతి మాత్రం పట్టి ఉంచాడు. పద్యం ముగిసింది. రాజు రెండడుగులు కొడుకు వైపు వేశాడు, ఆగాడు, నోరు తెరిచాడు. చప్పట్లు లేవు. ముందు వరుసలో చాప మీద కూర్చున్న ముసలాయన ఉండబట్టలేక "అడుగు నాయనా, ఒక్కమాట అడుగు!" అని కేకేశాడు. రాజు అడగలేదు. మొహం తిప్పుకుని చెయ్యెత్తాడు. ఆ క్షణాన ఆ గుడి ముందర కూర్చున్న ప్రతివాడికీ తెలిసింది, ఇది ఆగి ఉండేదని, ఆపగలిగినవాడు ఒక్కడే ఉన్నాడని.

పరిషత్తు పోటీల గంట లెక్కకు సరిపెట్టడానికి సమాజాలు ముందుగా కత్తెర వేసేది రాజు ఘట్టానికే. ఆ ఒక్క క్రోధపు పద్యం తప్ప అక్కడ పద్యాలు తక్కువ, చప్పట్లు తక్కువ అని. సారంగధర కట్టే ప్రతి సమాజానికీ నా విన్నపం ఇది. పావురం పాట తగ్గించుకోండి, మేడ మీది సంవాదంలో రెండు పద్యాలు వదులుకోండి, రాజు కొడుకు ముందర నిలబడి అడగకుండా పోయే ఆ నిమిషాన్ని మాత్రం వదలకండి. పుట్టపర్తి కేంద్రంగా కొత్త జిల్లా వచ్చాక ఆచార్యులవారి ఊరు ఈ జిల్లాదే. కనీసం ఇక్కడైనా ఆ ఘట్టాన్ని పూర్తిగా ఆడండి.